ఆరోగ్య ప్రశ్నావళుల తెలుగు అనుసరణము – ఊహాప్రక్రియ

ఉపోద్ఘాతము

రోగమును తెలిసికొనుటకు సుశ్రుతసంహిత ఆరు ఉపాయములను చెప్పినది. శ్రోత్రాది పంచేంద్రియములచే జరుగు పరీక్షలు ఐదు, ప్రశ్న ఆరవది. సూత్రస్థానము పదవ అధ్యాయమున ఈ విభాగము కలదు. చూచినను, తాకినను తెలియని సంగతులు కొన్ని రోగి చెప్పిననే తెలియును. నిద్ర ఎట్లు పట్టుచున్నది, ఆకలి ఎట్లున్నది, బాధ ఎప్పుడు హెచ్చుచున్నది, మనస్సు ఎట్లున్నది అనునవి అట్టివి. ప్రశ్నచే గ్రహింపవలసిన వానిలో దేశమును, కాలమును, జాతిని, సాత్మ్యమును ఆ సంహిత మొదటనే పేర్కొనుట గమనింపదగినది. రోగి ఏ దేశమువాడో, ఏ అలవాట్లవాడో ఎరుగక అడిగిన ప్రశ్న ఫలింపదని దీనివలన తేలుచున్నది.

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ ప్రశ్న వైద్యుని నోటినుండి అచ్చుకాగితము మీదికి వచ్చినది. 1972లో డేవిడ్ గోల్డ్‌బర్గ్ ఇంగ్లండున సామాన్య ఆరోగ్య ప్రశ్నావళిని 60 ప్రశ్నలతో ప్రకటించెను. దానికి 28 ప్రశ్నల రూపము, 12 ప్రశ్నల రూపము తరువాత ఏర్పడినవి. అమెరికాలో స్పిట్జర్, క్రోంకీ, విలియమ్స్ అను పండితులు మనస్సు కుంగుబాటును కనిపెట్టుటకు 9 ప్రశ్నల పట్టికను రూపొందించిరి. అది నేడు పి.హెచ్.క్యు.-9 అను పేర లోకమంతట వాడుకలో ఉన్నది. ఇవి తెలుగులోనికి కూడ వచ్చినవి. ఆంగ్లమున అడిగిన ప్రశ్నయే తెలుగున అడుగబడుచున్నదా, లేక వేరొక ప్రశ్న అడుగబడుచున్నదా అని విచారించుట ఈ వ్యాసమునకు విషయము. వైద్యులు దీనిని తమ పద్ధతిలో విచారించుచునే యున్నారు. అయినను ఇది ముఖ్యముగా పదము, వాక్యము, తాత్పర్యములకు సంబంధించిన సమస్య. కావున శాస్త్రములు చదివినవారికి ఇందు చేయదగిన పని కలదు.

ఒక పదము తప్పిన కలుగు హాని

పైన చెప్పిన 9 ప్రశ్నల పట్టికలో గడచిన రెండు వారములలో ఒక్కొక్క బాధ ఎన్ని దినములు కలిగినదని అడుగుదురు. ఎన్నడును లేనిచో 0, కొన్ని దినములైన 1, సగము దినములకు మించిన 2, దాదాపు ప్రతిదినమైన 3 అంకెలు వేయుదురు. మొత్తము 27. కూడిక 10 గాని అంతకు మించి గాని వచ్చినచో వైద్యుడు ఆ వ్యక్తిని ప్రత్యేకముగా పరీక్షింపవలెనని సాధారణ నియమము. ప్రశ్నావళి రోగమును నిర్ణయింపదు. ఎవరిని పరీక్షింపవలెనో చూపును.

ఇందు ఒక ప్రశ్నలోని పదము రోగికి అర్థము కాలేదనుకొందము. అతడు మర్యాదకై "ఏం లేదు" అనును. అంకె 0 అగును. అట్టి ప్రశ్నలు రెండు మూడైనచో నిజముగా కుంగియున్న మనుష్యుడు ఆరోగ్యవంతుల లెక్కలో చేరిపోవును. పదము మరొక అర్థమున తెలిసినచో బాధ లేనివానికి బాధ లెక్కింపబడును. మొదటిదే ఎక్కువ ప్రమాదకరము. అతనిని మరల అడుగువారుండరు.

ప్రకృతి, వికృతి

ఒకచోట విధింపబడిన దానిని మరొకచోటికి మార్పులతో కొనిపోవుటను గూర్చి మీమాంసకులు చేసిన విచారము మిక్కిలి సూక్ష్మమైనది. అంగములన్నియు సమగ్రముగా చెప్పబడిన యాగము ప్రకృతి. కొన్ని మాత్రమే చెప్పబడి, తక్కినవి ప్రకృతినుండి తెచ్చుకొనునది వికృతి. (తెలుగు వ్యాకరణమున తత్సమ తద్భవములకు వాడు ప్రకృతి వికృతులు వేరు.) జైమిని ద్వాదశాధ్యాయిలో ఏడు, ఎనిమిది అధ్యాయములు అతిదేశమునకు, తొమ్మిదవది ఊహకు, పదవది బాధకును సముచ్చయమునకును కేటాయింపబడినవి.

అతిదేశమనగా ప్రకృతిలోని అంగములు వికృతికి సంక్రమించుట. ఊహ యనగా సంక్రమించిన మంత్రమునందలి పదమును ప్రయోజనానుగుణముగా మార్చుట. అగ్నిదేవతాకమైన యాగమందలి మంత్రము సూర్యదేవతాకమైన చరువునకు వచ్చినపుడు అగ్నిశబ్దమునకు మారుగ సూర్యశబ్దమును అదే చతుర్థీవిభక్తితో చెప్పుదురు. పదమును మార్చకున్న దేవతాప్రకాశనమను మంత్రప్రయోజనము చెడును. బాధ యనగా వికృతిలో ప్రయోజనము లేని అంగమును విడిచిపెట్టుట. బంగారు కృష్ణలములతో చేయు చరువునందు దంపుట లేదు. ఊక లేనిదానిని దంచి ఫలమేమి? సముచ్చయమనగా వికృతికి ప్రత్యేకముగా విధింపబడినవి వచ్చిన వానితో కలియుట.

ప్రశ్నావళిని ఒక భాషనుండి మరొక భాషకు తెచ్చుట ఈ నాలుగింటితో కూడిన పని. దానిని కేవలము అనువాదమనుకొనుటవలననే దోషములు పుట్టుచున్నవి. అనువాదకుడు పదమునకు పదమును వెదకును. ఊహ చేయువాడు ప్రయోజనమునకు పదమును వెదకును.

మీమాంసకులు మరొక మాట చెప్పిరి. ఊహచే మార్పునొందిన భాగము ఆమ్నాతము కాదు గనుక దానికి మంత్రత్వము లేదు. ఈ నిర్ణయము ప్రశ్నావళికి చక్కగా అన్వయించును. ఆంగ్లమూలమునకు గల ప్రామాణ్యము తెలుగు రూపమునకు తానుగా సంక్రమింపదు. 10 అను అవధి 2001లో అమెరికా రోగులపై జరిగిన పరిశీలనతో ప్రకటింపబడినది. తెలుగువారియందు ఆ అవధి నిలుచునా, తగ్గునా, పెరుగునా అని తెలుగువారిని పరీక్షించియే చెప్పవలెను. ప్రశ్నావళి ఫలితమును వైద్యుడు స్వయముగా చేసిన పరీక్షతో పోల్చుట, కొన్ని దినముల తరువాత మరల అడిగి చూచుట ఇందుకు మార్గములు.

చీనాభాషలోని అనుభవము

ఈ విషయమున చీనాభాషీయుల అనుభవము తెలుగువారికి పాఠముగా ఉపకరించును. ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవనగుణమును కొలుచు ప్రశ్నావళిని ఒక్క దేశమున గాక, ఢిల్లీ, మద్రాసులతో కూడిన 15 కేంద్రములలో ఒకేసారి రూపొందించినది. 100 ప్రశ్నల ఆ పట్టికకు 26 ప్రశ్నల సంక్షిప్తరూపము కలదు. తైవాన్ పండితులు దానిని తమవారికి అనుసరించునపుడు రెండు ప్రశ్నలు చేర్చి 28 చేసిరి. ఇతరులు తమను గౌరవించుచున్నారని తోచుచున్నదా యనునది ఒకటి. ఇష్టమైన ఆహారము లభించుచున్నదా యనునది రెండవది. నలుగురిలో మర్యాద నిలుచుట, కోరినది తినగలుగుట అను రెండును లేక జీవనగుణము పూర్ణము కాదని ఆ సమాజము భావించినది. ఇది సముచ్చయమునకు స్పష్టమైన ఉదాహరణము.

రెండవ ఉదాహరణము వ్యాధినామమునకు సంబంధించినది. 1980లో ఆర్థర్ క్లైన్‌మన్ అను అమెరికా వైద్యుడు చీనాలోని హునాన్ వైద్యకళాశాలలో షెన్‌జింగ్ ష్వైరువో అను వ్యాధి నిర్ణయింపబడిన 100 మంది రోగులను పరీక్షించెను. ఆ పేరునకు నరముల దౌర్బల్యమని అర్థము. వారిలో 87 మందికి పాశ్చాత్య లక్షణముల ననుసరించి కుంగుబాటు వ్యాధి కలదని 1982లో ఆయన ప్రకటించెను. వారు చెప్పుకొన్నవి మాత్రము తలనొప్పి, నిద్రలేమి, నిస్సత్తువ వంటి శరీరబాధలు. తెలుగునాట "నరాల బలహీనత" అని చెప్పుకొను రోగులను ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. మనోవ్యథను దేహభాషలో చెప్పుట అజ్ఞానము కాదు. "గుండెల మీద బరువు", "కడుపులో మంట", "కాళ్ళల్ల సత్తువ లేదు" అను మాటలలో వాచ్యార్థము దేహము. లక్ష్యార్థము పలుమారు మనస్సు. అభిధామాత్రమున నిలిచిన ప్రశ్నావళి ఈ లక్షణను అందుకొనజాలదు.

తత్సమముల చిక్కు

తెలుగు అనుసరణమున ప్రధానమైన ఆటంకము సంస్కృతసమములవలన కలుగుచున్నది. ఇది సంస్కృతజ్ఞులే చెప్పవలసిన మాట. విద్యావంతుడైన అనువాదకుడు ఆంగ్లపదము ఎదురుపడగనే తత్సమమును చేపట్టును. ఆ తత్సమమునకు సంస్కృతమున ఒక అర్థము, పత్రికల తెలుగున మరొక అర్థము, పల్లెలో పలుమారు ఏ అర్థమును లేకపోవుట కలదు.

ఊహ యను పదమే ఇందుకు సాక్షి. శాస్త్రమున అది సహేతుకమైన మార్పు. వాడుకలో కల్పన, తలంపు. నిస్పృహ సంస్కృతమున కోరిక లేకుండుట, యోగికి భూషణము. తెలుగున ఆశ యుడిగిన దుఃఖస్థితి. ఆసక్తి సంస్కృతమున తగులుకొనుట, వదలుకొనదగినది. తెలుగున ఉత్సాహముతో కూడిన ఇష్టము. "అనాసక్తి కలిగినదా?" అని ప్రవచనములు వినిన వృద్ధుని అడిగినచో అతడు తన వైరాగ్యమును తలచుకొని ఔననవచ్చును, అతనికి అంకె 3 పడును. ఆందోళన సంస్కృతమున ఊగుట, వైద్యపత్రములలో మనస్సు కుదురులేమి, బజారులో ధర్నా. సంసారము వేదాంతమున జననమరణచక్రము, ఇంట ఆలుబిడ్డలు, మాటుమాటగా దాంపత్యసుఖము.

ప్రశ్నావళుల అనుసరణమున ప్రత్యనువాదమను పరీక్ష ప్రసిద్ధము. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ దానిని వివరించెను. ఆంగ్లమునుండి తెలుగునకు ఒకరు మార్చగా, మూలమెరుగని మరొకరు దానిని తిరిగి ఆంగ్లము చేయుదురు. రెండు ఆంగ్లములు సరిపోలిన అనువాదము సరియైనదని భావింతురు. ఈ పరీక్ష అవసరమే, కాని చాలదు. నిస్పృహ అని తెలుగున వ్రాసినచో రెండవ విద్వాంసుడు దానిని మూలములోని ఆంగ్లపదముగనే తిరిగి వ్రాయును. ఇరువురును చదివినవారు గనుక పదము నిర్దోషముగా వెళ్ళి నిర్దోషముగా తిరిగివచ్చును. నడుమ దానిని వినవలసిన రోగి లేడు. పదమెంత సంస్కృతమైన ఈ పరీక్షలో అంత సులభముగా నెగ్గుట ఇందలి విపరీతము.

కావుననే ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ప్రత్యనువాదము తరువాత సామాన్యజనులకు ప్రశ్న వినిపించి, వారేమి గ్రహించిరో వారి మాటలతోనే చెప్పించు మెట్టు ఒకటి కలదు. పాఠశాలలో గురువు శ్లోకమును చదివించి ఊరకుండడు. అన్వయము, ప్రతిపదార్థము, తాత్పర్యము శిష్యునిచే చెప్పించును. ఇదియు అట్టిదే. తాత్పర్యము చెప్పింపని పాఠమెట్టిదో, వినువాని మాటలు వినని ప్రశ్నావళియు నట్టిదే.

లింగము, వాక్యభేదము, నిషేధము

పతంజలి వ్యాకరణాధ్యయనమునకు చెప్పిన ప్రయోజనములైదు: రక్ష, ఊహ, ఆగమము, లాఘవము, అసందేహము. మంత్రములు వేదమున అన్ని లింగములతో, అన్ని విభక్తులతో పఠింపబడలేదనియు, సందర్భమున వానిని మార్చుకొనుట వైయాకరణునకే సాధ్యమనియు ఆయన ఊహను సమర్థించెను. తెలుగు ప్రశ్నావళిలో ఇది అక్షరాల కనబడును. తాను ఎందుకును కొరగానట్లు తోచుచున్నదా అను భావముగల ప్రశ్న పై పట్టికలో కలదు. ఆంగ్లమున దానికి లింగభేదము లేదు. తెలుగున "అసమర్థుణ్ణి" అనిన పురుషుడే, "అసమర్థురాలిని" అనిన స్త్రీయే. "నాకేమీ చేతకాదనిపిస్తోంది" అనిన లింగము తొలగును. కాని వరంగల్ ప్రాంతమున "పానం శాతనైతలేదు" అనిన ఒంట బలము లేదని అర్థము. అప్పుడు ఆత్మనిందను గూర్చిన ప్రశ్న నీరసమును గూర్చిన ప్రశ్నగా మారిపోవును; నీరసమునకు వేరొక ప్రశ్న ఉండనే యున్నది. ఇట్లు ఒక చిక్కును విడదీసిన మరొకటి పడును. దానిని కనిపెట్టుటకు వ్యాకరణముతో పాటు ఆ ప్రాంతపు వాడుకయు తెలిసియుండవలెను.

ఒకే వాక్యము రెండు విధులను చెప్పుటను మీమాంసకులు వాక్యభేదమని దోషముగా నెంచిరి. నిద్ర పట్టకుండుట గాని, అతిగా నిద్రించుట గాని కలదా అను ప్రశ్నలో ఈ దోషము కనబడును. చదువుకొనువాడు కాగితమును చూచి రెండు భాగములను విడదీసికొనును. వినువాడు తరచు చివరి భాగమునకే బదులిచ్చును. తెలుగున దీనిని రెండుగా విభజించి అడిగి, ఏది ఎక్కువైన దాని అంకెను గ్రహించుట ఉచితముగా తోచును.

నిషేధప్రశ్నలు మరియొక చిక్కు. "రాత్రి నిద్ర పట్టడం లేదా?" అని అడిగిన "అవును" అనినను, "లేదు" అనినను నిద్ర పట్టుటలేదనియే అర్థము కావచ్చును. కాగితము మీద మాత్రము ఆ రెండును వేరువేరు గడులు. శ్రుతిలోని స్థూలపృషతీశబ్దమున ఏ సమాసమో స్వరమే తేల్చునని వైయాకరణులు అసందేహమునకు ఉదాహరించిరి. ఇచట సందేహమును తీర్చు స్వరము అడుగువాని గొంతులో నుండును గాని కాగితమున నుండదు. కావున "రాత్రి నిద్ర ఎట్లా పడుతోంది?" అని మొదలిడి, ఎన్ని రాత్రులు పట్టలేదో లెక్క అడుగుట మేలు.

పరిమాణవాచకములును ఇట్టివే. కొంచెము, కాస్త, కొంత, బాగా, చాలా అను వానిలో ఏది దేనికంటె ఎంత ఎక్కువ? జీవనగుణ ప్రశ్నావళిని రూపొందించినవారు ఇందుకు చక్కని ఉపాయము చేసిరి. ఒక గీతకు ఒక కొనను ఏమాత్రము లేదనియు, రెండవ కొనను అత్యంతమనియు గుర్తించి, ఆ భాషలోని పదములను ఒక్కొక్కటిగ ఇచ్చి, గీతమీద ఎచట నుంచవలెనో సామాన్యజనులచే గుర్తు పెట్టించిరి. పావు, సగము, ముప్పాతిక దూరములకు దగ్గరగా నిలిచిన పదములనే గ్రహించిరి. నిఘంటువు గాక ప్రజావ్యవహారమే ఇచట ప్రమాణము. వరంగల్ పల్లెలలోని "జర", "శాన", "మస్తు" అను పదములు ఆ గీతమీద ఎచట నిలుచునో పరిశీలించుట పరిశోధకునకు తగిన విషయము.

మాండలికము, సంబోధనము

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశమునకు భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకులు. వృత్తిపదముల సేకరణవలన తెలుగున పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలములను గుర్తించుట సాధ్యమైనది. నాగలి భాగములకే ఇన్ని పేర్లుండగా దుఃఖమునకు ఒక్క పేరు ఎట్లు చాలును? కోస్తాలో బెంగ, దిగులు అనుదురు. బెంగలో దూరమైనవారిని తలచుకొను భావము తరచుగా నుండును. వరంగల్ ప్రాంతమున రంది అనిన మనస్సును తినివేయు చింత. బుగులు అనిన భయము కలసిన కలవరము. "ఫికరు", "పరేషాను" అను ఉరుదూపదములును ఇంటిమాటలే అయినవి. చీనాలో ఒకే లిపి నడచినను పలుకుబడులు వేరగుటవలన తైవాన్, హాంకాంగులకు వేరువేరు రూపములు ఏర్పడినవి. తెలుగునకును ఒకే ముద్రితరూపము చాలునని అనుకొనరాదు.

మరొక సంగతి. వరంగల్ ఆసుపత్రులకు ములుగు, మహబూబాబాద్ ప్రాంతములనుండి వచ్చువారిలో లంబాడీ, కోయ మాతృభాషలుగా గలవారు కలరు. వారికి తెలుగు ప్రశ్న రెండవ భాషలోని ప్రశ్న. అట్టివారికి తత్సమభూయిష్ఠమైన ప్రశ్న మూడవ భాష వంటిదగును.

సంబోధనమును విచారింపవలెను. అచ్చులో "మీరు" అనుట మర్యాద. కాని పల్లెలో ముసలమ్మను "అవ్వా" అని పిలిచి, "నువ్వు" అని అడిగిన ఆప్యాయత. కాగితము చూచి "మీరు" అనిన పింఛను విచారణకు వచ్చిన ఉద్యోగి యని ఆమె తలచును. అట్టివానికి తగిన సమాధానమే చెప్పును గాని ఉన్నమాట చెప్పదు. కోడలిని అత్త యెదుట అడిగిన ప్రశ్నకును ఇదే గతి. కావున ఎవరు, ఎచట, ఏ పిలుపుతో అడుగవలెనో నిర్ణయించుటయు అనుసరణములోని భాగమే.

తెలుగునాట జరిగిన కృషి

2005లో ప్రకటితమైన భారతీయ దృష్టి ప్రశ్నావళి ఈ విషయమున ఆదర్శప్రాయము. అది పరదేశ ప్రశ్నావళికి అనుసరణము కాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ, ఢిల్లీ, మదురై నగరములలోని సంస్థలతో కలిసి, కంటిరోగులను కూర్చుండబెట్టి మాటలాడించి, వారి నోటినుండి వచ్చిన సంగతులనుండి ప్రశ్నలను గ్రహించినది. మొత్తము 33 ప్రశ్నలు: నిత్యకృత్యములకు 21, మనస్సునకు, నలుగురితో మెలగుటకు 5, కంటి లక్షణములకు 7. వికృతికి ప్రకృతిని వెదకుటకు మారుగ ఇచట స్థానికమే ప్రకృతి యైనది.

2014 తరువాతి సంవత్సరములలో పశ్చిమగోదావరి జిల్లా గ్రామములలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు జరిపిన మానసిక ఆరోగ్య కార్యక్రమమున ఆశా కార్యకర్తలు పైన చెప్పిన 9 ప్రశ్నల పట్టికను చేతిలోని చిన్న యంత్రములతో ఇంటింట అడిగిరి. ఇట్టి చోట ప్రశ్నను పలుకునది ఊరి స్త్రీయే. ఆమె నోట సహజముగా పలుకని వాక్యమును ఆమె తనకు తోచినట్లు మార్చియే అడుగును. ఆ మార్పును ముందుగా విచారించి చేసిన ఊహ; అప్పటికప్పుడు చేసిన పాఠభేదము.

తొమ్మిదవ ప్రశ్న

ఆ పట్టికలో చివరి ప్రశ్న చనిపోయిన మేలను తలంపును, తనకు తాను హాని చేసికొను తలంపును గూర్చినది. 1997–98లో ప్రత్తిపంట దెబ్బతిని వరంగల్ జిల్లా రైతులు అనేకులు పురుగుమందు త్రాగి ప్రాణములు విడిచిరి. అట్టి జిల్లాలో ఈ ప్రశ్నను పండితభాషలో అడుగుట క్షమింపరానిది. "ఆత్మహననభావములు" అనిన రైతునకు తెలియదు. వృద్ధురాలు "దేవుడు తీసుకపోతే బాగుండు" అనుట తరచు అలసట. నడివయసు రైతు "ఇగ ఎందుకీ బతుకు" అని ఊరకుండుట వేరు. పదములు సమీపములే, తాత్పర్యములు దూరములు. అయినను తాత్పర్యమును కాగితము మీదనే తేల్చుకొనరాదు. ఏ రూపమున ఔననినను, శిక్షణ పొందినవారు అతనితో కూర్చుండి మరల మాటలాడవలెను, ఒంటరిగా విడువరాదు. మరణమును గూర్చి అడిగిన లేని తలంపు పుట్టునను భయము నిరాధారమని వైద్యుల నిర్ణయము. అడుగుట దోషము కాదు. అర్థము కానట్లు అడుగుట దోషము.

ఉపసంహారము

వరంగల్‌లో 1959నుండి కాకతీయ వైద్యకళాశాల కలదు. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము ప్రజల పలుకుబడికై పోరాడిన కాళోజీ నారాయణరావు పేరనే ఇచట నున్నది. ప్రాచ్యకళాశాలలు ఈ సంస్థలతో కలిసి చేయదగిన పనులు మూడు. ఒకటి, వ్యథావాచకముల మాండలికకోశము: రంది, బుగులు, బెంగ, దిగులు, నలత, యాష్ట మొదలగు వానిని ఎవరు, ఎచట, ఏ సందర్భమున వాడుదురో సేకరించుట. రెండు, వాడుకలోనున్న తెలుగు ప్రశ్నావళులలోని తత్సమములను ఒక్కొక్కటిగ గ్రహించి, పల్లెవారిచే తాత్పర్యము చెప్పించి, నిలిచినవానిని ఉంచి, నిలువని వానిని మార్చుట. మూడు, ఆశా కార్యకర్తల శిక్షణమున ప్రశ్నను పలుకు తీరును చేర్చుట.

మంత్రము నెరిగినవాడు కాక, ఎచట ఏ పదమును మార్చవలెనో ఎరిగినవాడే యాగమున ఊహకు అధికారి. సంస్కృతము చదివినవారు తెలుగు ప్రశ్నావళికి చేయగల ఉపకారము సంస్కృతపదములను సమకూర్చుట కాదు. వానిని ఎచట విడువవలెనో చెప్పుట.